మొక్కజొన్నకు యూరియా: పూర్తి మోతాదా, సగమా?

వానాకాలం హైబ్రిడ్‌కు ఎకరాకు దాదాపు 80 కిలోల నత్రజని వేస్తారు. ఒక బస్తా డీఏపీ (నత్రజని, భాస్వరం రెండూ ఉండే ఎరువు) పోగా మూడున్నర బస్తాల యూరియా అన్నమాట. సగమే వేస్తే బస్తాన్నర చాలు.

ఖర్చు: తేడా రెండు బస్తాలు, దాదాపు 530 రూపాయలు. పాతిక కిలోల గింజలతో తిరిగొస్తుంది. నిజం చెప్పాలంటే డబ్బుకన్నా యూరియా క్యూతోనే టెన్షన్.

శ్రమ: పూర్తి మోతాదు విత్తేటప్పుడు, 30–35 రోజులకు, జల్లు దశలో (మొక్క పైన మగ పూత వచ్చేటప్పుడు) మూడుసార్లు వేయాలి. సగానికి రెండుసార్లు సరిపోతుంది.

రిస్క్: జల్లు దశలో బెట్ట వస్తే ఎంత యూరియా వేసినా కంకి నిండదు. ముసురు పట్టి నీళ్లు నిలిస్తే నత్రజని నష్టపోతుంది. సగం మోతాదులో నష్టం తక్కువే, కానీ వానలు బాగుంటే దిగుబడి చేజారుతుంది. కింది ఆకులు కొస నుంచి మధ్య ఈనె వెంట వి ఆకారంలో పసుపెక్కితే పైరు ఆకలితో ఉన్నట్టే.

బోరు, నల్లరేగడి ఉంటే పూర్తి మోతాదే. వాన మీదే ఆధారపడ్డ చల్క (తేలికపాటి ఎర్ర) నేలైతే సగంతో మొదలుపెట్టి, నేలలో పదును (తేమ) చూసి మిగతాది వేయడం నయం.