మాంట్‌గోమరీలో 96 డాలర్ల గది

అలబామా రాజధాని మాంట్‌గోమరీకి వెళ్ళేవారికి ముందుగా ఒక మాట: డబ్బు కట్టే ముందు గది తలుపు తీయించి ఒకసారి వాసన చూడండి. మేము చూడలేదు. హైవే పక్కన ఒక మోటెల్, రాత్రికి 96 డాలర్లు అని చూసి తీసుకున్నాం. చేరాక పన్ను, పార్కింగ్, శుభ్రతకు రుసుము అన్నీ కలిపి 131 డాలర్ల 40 సెంట్లు చేశారు. ఆ శుభ్రత ఎక్కడుందో మాకు కనిపించలేదు. దుప్పటి నిండా సిగరెట్ కంపు, స్నానాల గదిలో ఎవరిదో దువ్వెన. వేరే గది ఇవ్వమంటే కౌంటరులోని కుర్రాడు ఫోను మీంచి తల ఎత్తకుండానే ఖాళీ లేదన్నాడు. బయట చూస్తే మా కారుతో కలిపి నాలుగే కార్లు. అమ్మ తన చీర పరుచుకుని పడుకుంది. మా ఆయన మర్నాడు మధ్యాహ్నం దాకా పెదవి విప్పలేదు.

మేముండే అట్లాంటా శివారు నుంచి మూడు గంటల పైచిలుకు ప్రయాణం. దారిలో టైమ్ జోన్ మారి గడియారం ఒక గంట వెనక్కి జరగడం తప్ప విశేషం లేదు.

అమ్మ ప్రకాశం జిల్లాలో 31 ఏళ్ళు ఏఎన్ఎంగా పనిచేసింది. ఈ ఊరు ఎంచుకున్నదీ ఆమె కోసమే. మిషెల్ బ్రౌడర్ అనే నల్లజాతి కళాకారిణి 2021లో మిల్డ్రెడ్ వీధిలో 'మదర్స్ ఆఫ్ గైనకాలజీ' (స్త్రీల వైద్యశాస్త్రానికి తల్లులు) పేరుతో ముగ్గురు స్త్రీల విగ్రహాలు నిలిపారు. అనార్కా, లూసీ, బెట్సీ. పారేసిన ఇనుప సామాన్లను అతికించి చేసినవి, ఎత్తైనది దాదాపు 15 అడుగులు. జె. మేరియన్ సిమ్స్ అనే డాక్టరు 1840లలో ఇదే ఊళ్ళో ఈ బానిస స్త్రీల మీద ఫిస్టులా ఆపరేషన్ (కష్టమైన కాన్పులో లోపల చిల్లు పడి మూత్రం కారిపోతుంటే దాన్ని మూసే ఆపరేషన్) నేర్చుకున్నాడు. మత్తు ఇవ్వకుండా. ఒక్క అనార్కాకే 30 సార్లు.

విగ్రహంలో ఆమె గర్భసంచి ఉండవలసిన చోటు ఖాళీ, అందులో ఒక ఎర్ర గులాబీ. ఆ గర్భసంచి విడిగా కాస్త దూరాన ఉంది, నిండా సూదులు, కత్తెరలు, గాజుముక్కలు. అమ్మ అక్కడే చాలాసేపు నిలబడిపోయింది. కాన్పు రోజుల తరబడి కష్టమై మూత్రం నిలవకుండా పోయిన ఒక పిల్లను అత్తవారు పశువుల కొట్టంలో పడుకోబెట్టిన సంగతి అప్పుడు చెప్పింది. ఇన్నేళ్ళలో నాకు ఎన్నడూ చెప్పలేదు.

మా అదృష్టం, ఆ శనివారం ఆవరణలో పదిహేను మంది దాకా నల్లజాతి స్త్రీలు గుండ్రంగా కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. కాసేపు కళ్ళు మూసుకుని ఊపిరి లెక్కపెట్టారు, తర్వాత గుడ్డ ముక్కల మీద రంగులు వేస్తూ రక్తపోటు గురించీ, నొప్పి అంటే నమ్మని డాక్టర్ల గురించీ మాట్లాడుకున్నారు. అమెరికాలో కాన్పు సంబంధ కారణాలతో నల్లజాతి తల్లులు తెల్లవారికన్నా దాదాపు మూడు రెట్లు ఎక్కువగా చనిపోతున్నారు. ఒక పెద్దావిడ అమ్మకు కుర్చీ జరిపి చేతికి కుంచె ఇచ్చింది. మాకు రంగుల ఖర్చు సున్నా. "వీళ్ళకు బీపీ ఎవరు చూస్తారో అడుగు" అంది అమ్మ నాతో. అడిగాను. నవ్వి, ఒకావిడ సంచిలోంచి మిషను తీసింది. తర్వాతి గంట అమ్మ డ్యూటీలోనే ఉంది.

సిమ్స్ పనిచేసిన చోటును కూడా బ్రౌడర్ కొన్నారు, అక్కడ మ్యూజియంతో పాటు క్లినిక్ పెట్టాలని. వేళలు మాత్రం ముందుగా కనుక్కుని వెళ్ళండి.

అక్కడి నుంచి రాష్ట్ర ప్రభుత్వ క్యాపిటల్ భవనానికి వెళ్తే ఆవరణలో సిమ్స్ విగ్రహం, 1939 నాటిది. న్యూయార్క్‌లో ఉన్నదాన్ని 2018లో తీసేశారని చెప్పాను. ఫోటో తీస్తాను రమ్మంటే, "వాడి పక్కన నేనెందుకు నిలబడతాను?" అని కారెక్కేసింది. అప్పుడు మా ఆయన నోరు తెరిచారు, ఆకలేస్తోందని.

భోజనం పళ్ళెం 12 డాలర్ల 50 సెంట్లు: వేయించిన బెండకాయ, అలసందలు, మొక్కజొన్న రొట్టె. శాకాహారులు జాగ్రత్త, అక్కడ ఆకుకూరల్లోనూ, అలసందల్లోనూ పంది మాంసం వేసి ఉడికించడం మామూలు. అడగబట్టి సరిపోయింది. అమ్మ బెండకాయ రెండుసార్లు తెప్పించుకుంది.

ఇల్లు చేరిన మూడో రోజున కార్డు మీద మరో 75 డాలర్లు పడ్డాయి. గదిలో పొగ తాగినందుకట. గది తీసుకున్నది అమ్మ పేరు మీద.