షుగర్ ఉన్న ఇంట్లో ఏది మేలు: రొట్టెనా సంగటా, కొబ్బరినూనెనా వాసలీనా?

కర్నూలులో ఏ ఇంట్లోనైనా షుగర్ బయటపడిందంటే రెండు రోజులు తిరక్కముందే రాత్రిపూట అన్నం ఆగిపోతుంది. దాని బదులు జొన్నరొట్టె వస్తుంది, లేదంటే రాగి సంగటి. మార్పు మంచిదే. కానీ అక్కడితో పని అయిపోయిందనుకుంటారు. రొట్టె పక్కన ఏముందో చూసుకోరు, కాళ్లయితే అసలే చూసుకోరు. షుగర్ ఏళ్ల తరబడి అదుపు తప్పితే నరాలు దెబ్బతింటాయి, ఆ దెబ్బ ఎక్కువగా మొదలయ్యేది పాదాల్లోనే. అందుకే పళ్లేన్నీ పాదాన్నీ కలిపి, మన ఇళ్లలో దొరికే వస్తువులతోనే ఏది మేలో చెబుతాను.

అన్నమా, రొట్టెనా, సంగటా?

100 గ్రాముల తెల్లబియ్యంలో పీచు 3 గ్రాముల లోపే. జొన్నల్లో, రాగుల్లో 10 గ్రాములకు పైనే. కాల్షియంలో రాగులకు సాటి లేదు: 100 గ్రాములకు 340 మిల్లీగ్రాములు దాటుతుంది, బియ్యంలో 10 కూడా ఉండదు. ఇది చాలామందికి తెలుసు. తెలియాల్సింది ఇంకొకటి ఉంది. బియ్యంలో పిండిపదార్థం 78 గ్రాములుంటే రాగుల్లో, జొన్నల్లో 67, 68 దాకా ఉంటుంది. తేడా అంతే. కాబట్టి "సంగటి ఎంత తిన్నా ఏం కాదు" అనే మాట నమ్మొద్దు.

పైగా మనం చేసే సంగటిలో రాగులొక్కటే ఉండవు. బియ్యం మెత్తగా ఉడికించి, దాని మీద రాగిపిండి కుప్పగా పోసి, ఆవిరి పట్టాక కట్టెతో కలుపుతాం. ఆ ముద్దలో సగానికి సగం అన్నమే ఉండే ఇళ్లు చాలా ఉన్నాయి. ఇక తినే పద్ధతి చూడండి. ముద్దను తుంచి, పప్పులోనో కూరలోనో ముంచి మింగేస్తాం. నమిలే పని లేదు. రెండో ముద్ద ఎప్పుడు అయిపోయిందో కూడా తెలీదు.

జొన్నరొట్టె అలా కాదు. వేడినీళ్లతో పిండి కలిపి, అరచేత్తో తట్టి, పెనం మీద వేసి, పైన తడిబట్టతో తుడిచి కాలుస్తారు. చుక్క నూనె పట్టదు. నమిలి తినాలి, అందుకే నిదానంగా తింటాం. ఎన్ని తిన్నామో లెక్క ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లకు రాత్రిపూట నా ఓటు రొట్టెకే. పళ్లు లేని పెద్దవాళ్లకు రొట్టె కష్టం. వాళ్లకు సంగటే నయం, కాకపోతే బియ్యం తగ్గించి, ముద్ద చిన్నది చేసి పెట్టాలి. ఎముకలు అరిగే వయసులో ఆడవాళ్లకు రాగులు వారంలో నాలుగు రోజులైనా ఉంటే మంచిది.

అన్నం పూర్తిగా మానాల్సిన పని లేదు. మధ్యాహ్నం సోనామసూరి అన్నం ఒక కప్పు కొలిచి పెట్టుకుంటే చాలు. కొలవడమే ముఖ్యం, ఎందుకంటే కంచంలో చేత్తో వేసుకుంటూ పోతే ఆ కప్పు రెండు కప్పులవుతుంది. ఇన్సులిన్ వేసుకునేవాళ్లు, షుగర్ మాత్రలు వాడేవాళ్లు మాత్రం తిండి ఒక్కసారిగా తగ్గించకండి, షుగర్ మరీ పడిపోవచ్చు. ముందు డాక్టరుకు చెప్పండి.

రొట్టె పక్కన ఏముంది?

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. రెండు రొట్టెలు, ఉల్లికారం, దాని మీద ఇంత నూనె. అదే రాత్రి భోజనం! కడుపు నిండుతుంది, ఒంటికి పట్టేది తక్కువ. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పళ్లెం బొమ్మ ఒకటి ఉంది. అందులో సగం దాకా కూరగాయలు, ఆకుకూరలు, పండ్లే. మన పళ్లెంలో అవి ఓ మూలకుంటాయి.

కారం ఒక్కదానితో తినడమా, కూర పప్పులతో తినడమా అంటే ఆలోచించాల్సిన పనే లేదు. మటిక్కాయల (గోరుచిక్కుడు) కూర, పుంటికూర (గోంగూర) పప్పు, అలసందలు, ఉలవ గుగ్గిళ్లు, ఇవన్నీ మనకు కొత్తవి కావు, ఖరీదైనవీ కావు. శెనక్కాయలు గుప్పెడు, అంటే 30 గ్రాములు తింటే 7 గ్రాముల మాంసకృత్తులు వస్తాయి. ఒక కోడిగుడ్డులో 6 గ్రాములు. ఒంటి మీద పుండు మానాలన్నా, కండ కరగకుండా ఉండాలన్నా ఈ మాంసకృత్తులే కావాలి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు పప్పుల మోతాదు డాక్టరును అడిగే తినాలి. ఊరగాయ ఒక ముక్క చాలు. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు, చిన్న చెంచాడు, దాటకూడదు.

పొద్దున బొరుగులతో చేసే ఉగ్గాని, దాని పక్కన బజ్జి మానమని నేను చెప్పను, కర్నూలులో పుట్టి ఆ మాట అనలేను. కానీ బొరుగులు త్వరగా అరిగిపోతాయి, షుగర్‌ను గబగబా పెంచుతాయి. బజ్జి బదులు ఉడికించిన గుడ్డు పెట్టుకుని, ఉగ్గానిలో పుట్నాలపొడి, శెనక్కాయలు దండిగా వేసుకుంటే నయం. ఇడ్లీ కూడా దీనికన్నా గొప్పదేం కాదు, సాంబారు ఎక్కువ పోసుకుంటే తప్ప.

పాదాల దగ్గరికి పోయే ముందు ఒక మాట. అరికాళ్లు మంటలు పుడితే గోరింటాకు పెడతారు, ఆముదం రాస్తారు. చల్లగా ఉంటుంది, నిజమే. మంటకు కారణం మాత్రం లోపల నరాల్లో ఉండొచ్చు. షుగర్‌కు ఇచ్చే మెట్‌ఫార్మిన్ మాత్ర ఏళ్ల తరబడి వాడేవాళ్లలో బి12 విటమిన్ తగ్గొచ్చు, అది తగ్గినా తిమ్మిర్లు, మంటలు వస్తాయి. బి12 పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలో దొరుకుతుంది. రాగుల్లో, జొన్నల్లో, ఆకుకూరల్లో ఉండదు. మంటలు ఉంటే ఆ రక్తపరీక్ష రాయమని అడగండి.

ఉప్పునీళ్లా, మామూలు నీళ్లా?

మా అత్తకు అరవై దాటాయి. షుగర్ వచ్చి చాలా కాలమైంది. ఓ సాయంత్రం కాళ్లు పట్టుకుని చూస్తే కుడి అరికాల్లో తుమ్మముల్లు విరిగి ఉంది. చుట్టూ ఎర్రగా కమిలిపోయింది. "నొప్పి లేదా అత్తా?" అంటే, "గట్టికాళ్లు తల్లీ నావి, చేలో తిరిగిన కాళ్లు. ముల్లు గుచ్చుకున్నా తెలీదు" అంది, ఎంతో గర్వంగా. ముల్లు గుచ్చుకున్నా తెలియకపోవడం గట్టితనం కాదు, స్పర్శ పోవడం. ఆ మాట మన ఇళ్లలో ఎంతమంది పెద్దవాళ్లు అంటారో గుర్తుచేసుకోండి.

స్పర్శ తగ్గిన కాలికి, ఉప్పేసి కాళ్లు నానబెట్టుకునే వేడినీళ్ల బకెట్ ప్రమాదం. నీళ్లు ఎంత కాగాయో కాలికి తెలీదు, బొబ్బలెక్కాకే కంటికి కనిపిస్తుంది. ఎక్కువసేపు నానబెడితే చర్మం మెత్తబడి, తర్వాత ఇంకా ఎండి పగులుతుంది. ఉప్పు వేస్తే ఆ ఎండడం మరీ ఎక్కువ. షుగర్ లేనివాళ్లు అలసిపోయిన రోజు పది నిమిషాలు గోరువెచ్చటి నీళ్లలో పెట్టుకుంటే తప్పులేదు. షుగర్ ఉన్నవాళ్లకు నానబెట్టడం వద్దే వద్దు. గోరువెచ్చటి నీళ్లు, సబ్బు, రెండు నిమిషాల్లో కడగడం, అంతే. నీళ్ల వేడి మోచేత్తో చూడండి, కాలితో కాదు. వేళ్ల సందుల్లో తడి పూర్తిగా తుడవాలి, అక్కడ తడి నిలిస్తే ఒరుస్తుంది.

కొబ్బరినూనె, వాసలీన్, క్రీము

అరికాలి చర్మంలో నూనె గ్రంథులు ఉండవు. దానికి మన వేసవి, వెనుక పట్టీ లేని చెప్పులు, బేతంచెర్ల బండల మీద రోజంతా వట్టికాళ్లతో నడక తోడైతే మడమ పగలక ఏం చేస్తుంది? కాలు కొద్దిగా పొడిబారితే కొబ్బరినూనె చాలు. పగుళ్లు కనిపిస్తుంటే వాసలీన్ మేలు, ఎందుకంటే అది చర్మంలోని తడిని బయటకు పోనీయదు. రాత్రి కాళ్లు కడిగి తుడిచిన వెంటనే, ఇంకా కొంచెం చెమ్మ ఉండగానే మడమకు రాసి, నూలు సాక్సు వేసుకోవాలి. సాక్సు లేకుండా బండల మీద నడిస్తే జారిపడతారు. మడమ అంచు మందంగా, పెచ్చులాగా ఉంటే ఈ రెండూ చాలవు. అప్పుడు యూరియా ఉన్న క్రీము కొనాలి, 10 నుంచి 25 శాతం ఉన్నది. ఖరీదు ఎక్కువే, కానీ మందమైన చర్మాన్ని అది మెత్తబరుస్తుంది. పగులులో రక్తం కనిపిస్తుంటే అది రాయకండి, మండుతుంది. ఏది రాసినా వేళ్ల సందుల్లో మాత్రం రాయొద్దు.

మందమైన చర్మాన్ని బ్లేడుతో గీకడం కన్నా నురగరాయితో మెల్లగా రుద్దడం నయం. షుగర్ ఉండి స్పర్శ తగ్గినవాళ్లయితే అదీ వద్దు, డాక్టరు దగ్గరే తీయించుకోవాలి. ఆనెకాయ మీద అంటించే పట్టీల్లో యాసిడ్ ఉంటుంది, షుగర్ ఉన్నవాళ్లు వాటి జోలికి పోకూడదు. గోళ్లు అడ్డంగా తిన్నగా కత్తిరించాలి, మూలలు లోపలికి తవ్వొద్దు.

వీటన్నిటికన్నా విలువైనది పైసా ఖర్చు లేనిది. రోజూ రాత్రి పాదాలు చూసుకోవడం. వంగలేనివాళ్లు అద్దం కింద పెట్టుకుని చూడాలి, లేదా ఇంట్లో పిల్లలు సెల్‌ఫోన్ లైటు వేసి చూడాలి. ఆనెకాయ లోపల నల్లమచ్చ, కొత్త ఎరుపు, ఒక కాలు రెండోదానికన్నా వేడిగా ఉండటం, వాపు, చీము, వాసన, ఏది కనిపించినా ఆ రోజే డాక్టరు దగ్గరికి పోవాలి. పసుపు పెట్టి నాలుగు రోజులు చూద్దాం అనొద్దు. ఏమీ లేకపోయినా ఏడాదికోసారి కాళ్ల స్పర్శ పరీక్ష చేయించాలి. సన్నటి నైలాన్ తీగతో అరికాలిని తాకి చూస్తారు, నొప్పి ఉండదు.

చెప్పుల్లో మెత్తటి రబ్బరుతో చేసే ఎంసీఆర్ చెప్పులు, వెనుక పట్టీ ఉన్నవి, హవాయి చెప్పుల కన్నా ఎంతో మేలు. సాయంత్రం పూట కొనండి, అప్పటికి కాళ్లు కొంచెం ఉబ్బి ఉంటాయి కాబట్టి బిగుతు తెలుస్తుంది. ఇంట్లోకి ఒక జత వేరుగా పెట్టుకోవాలి. మంత్రాలయం, శ్రీశైలం పోతే ఎండెక్కక ముందే ప్రదక్షిణలు ముగించాలి. మధ్యాహ్నం కాలిన బండ మీద స్పర్శ లేని కాలు పెడితే, బొబ్బ వచ్చిన సంగతి ఇంటికొచ్చి కాళ్లు కడుక్కునేదాకా తెలీదు.