ప్రయోగ చికిత్సల గురించి ఉన్నదున్నట్టు చెప్పిన రెటీనా విభాగం: ఒక సమీక్ష

వయసు పైబడినవారికి చూపు నడిమధ్యన మసక కమ్మే మాక్యులా జబ్బుకు కొత్త చికిత్సలు వచ్చాయన్న మాట ఈ మధ్య మా కోనసీమ ఊళ్లలోనూ గట్టిగా వినబడుతోంది. అందులో నిజమెంతో తెలుసుకుందామని మా పెదనాన్నగారిని రాజమహేంద్రవరంలోని ఒక కంటి ఆసుపత్రికి తీసుకువెళ్లి రెటీనా విభాగంలో చూపించాము. ఈ సమీక్ష ఆ విభాగం అందించిన సేవ గురించి. లోపాలు కూడా రాస్తున్నాను గనుక ఆసుపత్రి పేరు చెప్పడం లేదు.

పెదనాన్నగారిది రావులపాలెం దాటాక గోదావరి గట్టును ఆనుకుని ఉన్న ఊరు. వయసు 78 ఏళ్లు. లంక పొగాకు చుట్ట కుర్రతనం నుంచీ అలవాటు. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్లు ఎప్పుడో అయిపోయినా, కొబ్బరి దింపు లెక్కలు రాసుకునే పుస్తకంలో అంకెల మధ్యభాగం చెరిగిపోయినట్టు కనబడటం, ఎదురుగా నిలబడ్డ మనిషిని గొంతు వింటే తప్ప పోల్చుకోలేకపోవడం మొదలై చాలా కాలమైంది. కళ్లజోడు ఎన్నిసార్లు మార్చినా ఫలితం లేకపోయింది.

కంటి వెనుక ఉండే రెటీనా పొరలను బొమ్మగా చూపే ఓసీటీ స్కాన్ తీశాక డాక్టరమ్మగారు తెర మీది బొమ్మను మా ఇద్దరికీ చూపించి, కాలువ అడుగున పూడిక చేరినట్టు రెటీనా కింద చేరిన పసుపురంగు మేటలను వేలితో గీసి మరీ వివరించారు. వీటిని డ్రూసెన్ అంటారు. జబ్బు పొడి రకమనీ, కుడికంట కొన్ని కణాలు ఇప్పటికే నశించి మచ్చ ఏర్పడిందనీ, ఎడమకన్ను మధ్యస్థ దశలో ఉందనీ చెప్పారు. నశించిన కణాలను తిరిగి తెచ్చే మందు నేటికీ లేదన్న మాటను నాకు పక్కకు పిలిచి కాకుండా పెదనాన్నగారికే సూటిగా, మెల్లగా చెప్పారు. ఇంటి పెద్దకు ఇవ్వవలసిన గౌరవం అదేనని నా అభిప్రాయం.

అప్పుడు పెదనాన్నగారు చొక్కా జేబులోంచి ఒక కరపత్రం తీశారు. మా ప్రాంతంలోని ఒక పట్టణంలో, ఒక క్లినిక్ వారు ఇచ్చినది అది. పొట్ట దగ్గరి కొవ్వు తీసి, అందులోని మూలకణాలను (స్టెమ్ సెల్స్) అదే రోజు రెండు కళ్లలోనూ ఎక్కిస్తామని, పోయిన చూపు తిరిగివస్తుందని, రెండు కళ్లకూ కలిపి చేయించుకుంటే ఖర్చు కలిసివస్తుందని అందులో ఉంది. “ఆయ్, మరి ఈ సూది సంగతేంటండీ డాక్టరుగారూ? డబ్బు మా కుర్రాళ్లు సర్దుతామన్నారు” అని అడిగారు.

ఆమె విసుక్కోలేదు, నవ్వలేదు. కరపత్రం మొత్తం చదివి, “బాబాయిగారూ, డబ్బు తీసుకుని చేసేది ప్రయోగం కాదండి” అని మొదలుపెట్టి, చాలాసేపు మాట్లాడారు. అమెరికాలోని ఫ్లోరిడాలో సరిగ్గా ఈ పద్ధతిలోనే, తమ కొవ్వు నుంచి తీసిన కణాలను రెండు కళ్లలోనూ ఎక్కించుకున్న ముగ్గురు వృద్ధ మహిళలు, ఒక్కొక్కరూ 5,000 డాలర్లు చెల్లించి మరీ, ఉన్న చూపు కూడా పోగొట్టుకున్నారు. ఆ వివరాలు 2017 మార్చిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయ్యాయి. అదే సంచికలో జపాన్ నుంచి మరో వ్యాసం ఉంది. మసాయో తకహాషి బృందం 2014లో ఒక వృద్ధురాలి చర్మకణాల నుంచి రెటీనా కింది పొరను పెంచి, ఒకే కంట్లో అమర్చి, ఏడాదిపాటు గమనించి, చూపు మెరుగుపడలేదు, దిగజారనూ లేదు అని ఉన్నదున్నట్టు రాసింది. రెండో రోగికి సిద్ధం చేసిన కణాలలో జన్యుమార్పులు కనబడినప్పుడు వాటిని అమర్చకుండా ఆగిపోయింది. ఒకచోట రెండు కళ్లూ ఒకేరోజు, మరొకచోట ఒకే కన్ను. ఒకచోట ముందే రుసుము, మరొకచోట అనుమానం రాగానే ఆగడం. ఆమె ఈ తేడా చెప్పాక పెదనాన్నగారు కరపత్రాన్ని మళ్లీ జేబులో పెట్టుకోలేదు.

మన దేశపు నియమాలు కూడా ఆమె వివరించారు. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం ఈ జబ్బుకు మూలకణాలను అనుమతి పొందిన ట్రయల్‌లో (రోగులపై నియమబద్ధంగా జరిపే పరీక్షలో) తప్ప వాడకూడదు. పరిశోధన కోసం అయ్యే ఖర్చును రోగి నుంచి వసూలు చేయకూడదు. 2019లో వచ్చిన కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యమూ పరిహారమూ ఇవ్వాలి. ట్రయల్ నమోదై ఉందో లేదో క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఇండియాలో ఎవరైనా వెతికి చూడవచ్చు. ఎలా వెతకాలో అక్కడి కౌన్సెలర్ నా ఫోన్‌లోనే చూపించారు. ఈ ఒక్క సేవ కోసమైనా ఆ విభాగానికి వెళ్లవచ్చునని చెబుతాను.

నిజమైన పరిశోధన ఎక్కడిదాకా వచ్చిందో కూడా ఆశ పెంచకుండా, తుంచకుండా చెప్పారు. పెగ్‌సెటాకోప్లాన్, అవాసిన్‌కాప్టాడ్ అనే రెండు ఇంజెక్షన్లకు 2023లో అమెరికాలో అనుమతి లభించింది. అవి మచ్చ విస్తరించే వేగాన్ని తగ్గిస్తాయే గాని చూపును తిరిగి ఇవ్వవు. రెటీనా కింద అమర్చే 2 మిల్లీమీటర్ల ప్రిమా చిప్, కెమెరా ఉన్న కళ్లజోడు కలిసి పనిచేసే పద్ధతిని ఐరోపాలో 38 మందిపై పరీక్షించారు. ఏడాది తర్వాత పరీక్షకు వచ్చిన 32 మందిలో 26 మంది అక్షరాలను మునుపటికన్నా స్పష్టంగా చదవగలిగారని 2025లో వెల్లడైంది. అయితే అది మధ్యచూపు దాదాపుగా పోయినవారికి ఉద్దేశించినది, పైగా నెలల తరబడి సాధన చేయాలి. పెదనాన్నగారి చూపు అంతగా దెబ్బతినలేదు.

మాత్రల విషయంలో మాత్రం వారు స్పష్టంగా అవుననే చెప్పారు. 2013లో ఫలితాలు వెలువడిన ఆరెడ్స్-2 అధ్యయనం నుంచి వచ్చిన మిశ్రమంలో విటమిన్ సి 500 మిల్లీగ్రాములు, విటమిన్ ఇ 400 యూనిట్లు, జింక్ 80, రాగి 2, లుటీన్ 10, జియాజాంతిన్ 2 మిల్లీగ్రాముల చొప్పున ఉంటాయి. మధ్యస్థ దశలో ఉన్నవారికి జబ్బు ముదిరే ముప్పును ఇది కొంత తగ్గిస్తుంది. తొలి దశలో ఉన్నవారికి ఉపయోగం కనబడలేదు. పొగతాగేవారు బీటా కెరోటిన్ కలిసిన పాత రకాన్ని వాడకూడదు, ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. ఈ మోతాదులు డబ్బా వెనుక చూపున్నవాడికే కష్టంగా కనబడేంత చిన్న అక్షరాలలో ఉంటాయి. కాబట్టి కొనేటప్పుడు ఇంట్లోని చిన్నవారు చదివి పెట్టాలి. చుట్ట మానమని కూడా గట్టిగానే చెప్పారు.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచినది చివర ఉన్న చిన్న గది, తక్కువ చూపు ఉన్నవారికి శిక్షణ ఇచ్చే గది. అక్కడి అమ్మాయి పెదనాన్నగారి చేతిలో 500, 200 నోట్లు పెట్టి, కళ్లతో కాకుండా బొటనవేలితో అంచు తడమమన్నారు. 500 నోటు అంచున ఉబ్బెత్తుగా ఐదు గీతలు, 200 నోటుకు నాలుగు గీతలు, వాటి మధ్య రెండు చిన్న సున్నలు ఉంటాయి. ఆయన రెండోసారికే పట్టేశారు. తర్వాత లైటు ఉన్న స్టాండు భూతద్దం కింద లెక్కల పుస్తకం పెట్టి, అంకె మీద కాకుండా దానికి కొంచెం పక్కగా చూడటం నేర్పించారు. మధ్యచూపు దెబ్బతిన్నవారికి పక్కచూపు మిగిలి ఉంటుంది గనుక ఇది పనిచేస్తుంది. దింపు లెక్కలు ఇకమీదట లావు గీతల పుస్తకంలో నల్ల స్కెచ్ పెన్నుతో రాయమన్నారు. ఇందులో ప్రయోగమేమీ లేదు, ఖరీదు తక్కువ, ఆ రోజు నుంచే ఉపయోగం. ఇంత మంచి గది ఉందన్న సంగతి బయట ఏ బోర్డు మీదా రాయకపోవడం విచారకరం.

లోపాలు లేకపోలేదు. నిరీక్షణ బాగా ఎక్కువ. కంటిపాప పెద్దది కావడానికి చుక్కలు వేశాక వృద్ధులు నడవవలసిన వరండాలో రెండు మెట్లు ఉన్నాయి, పట్టుకోవడానికి కమ్మీ లేదు. గదుల పేర్లు చిన్న ఇంగ్లీషు అక్షరాలలో ఉన్నాయి. మందుల కౌంటరులో చీటీలో రాయని మరో టానిక్ అంటగట్టబోయారు. వద్దన్నాక ఊరుకున్నారు. స్కాన్ బొమ్మలు అడిగితే తప్ప చేతికి ఇవ్వలేదు.

ఇంటికి పంపేటప్పుడు గళ్ల కాగితం ఒకటి ఇచ్చారు. రోజూ, చదువుకునే కళ్లజోడు పెట్టుకుని, ఒక కన్ను మూసి, నడిమి చుక్కను చూడాలి. గీతలు వంకరగా కనబడితే పొడి రకం తడి రకంగా (రెటీనా కింద కొత్త రక్తనాళాలు పుట్టి కారే రకంగా) మారి ఉండవచ్చు. తడి రకానికి 2006 నుంచి నిరూపితమైన ఇంజెక్షన్లు ఉన్నాయి, కానీ ఆలస్యమైతే ఫలితం తగ్గుతుంది. కాబట్టి తర్వాతి అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా వెంటనే రావాలన్నారు. వెళ్లేవారు పాత స్కాన్‌లు, వాడుతున్న మందుల చీటీలు వెంట తీసుకుని ఉదయాన్నే బయలుదేరాలి. చుక్కల ప్రభావం కొన్ని గంటలు ఉంటుంది గనుక రోగి బండి నడపకూడదు, తోడు మనిషి తప్పనిసరి.