ఐఎల్-2 స్టర్మోవిక్ 1946: విజయనగరంలో తొమ్మిదేళ్లు వాడాక రాస్తున్న సమీక్ష

రెండో ప్రపంచ యుద్ధ విమానాలు నడిపే ఈ కంప్యూటర్ గేమ్ కొని తొమ్మిదేళ్లు దాటింది. ఈలోగా పీసీ మారింది, ఒక హార్డ్ డిస్క్ పోయింది, మేము కంటోన్మెంట్ నుంచి బాబామెట్టకు ఇల్లు మారాం, కానీ ఆదివారం మధ్యాహ్నం భోజనం అయ్యాక నేను కూర్చునేది మాత్రం ఇంకా దీని ముందే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లలో చాలామంది మొదటి వారంలోనే విసిగిపోయి తీసేస్తున్నారు. గేమ్ బాగోలేక కాదు, అది సరిగ్గా నడవక. అందుకే దాని గొప్పతనం కంటే ముందు, దాన్ని దారికి తెచ్చుకోవడం గురించే ఎక్కువ రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఐఎల్-2 మొదట 2001లో వచ్చింది, ఒలెగ్ మాడాక్స్ నాయకత్వంలో రష్యాలో తయారైంది. రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ వాళ్లు వేల సంఖ్యలో వాడిన దాడి విమానం పేరే దీనికీ పెట్టారు. తర్వాత ఫర్గాటెన్ బ్యాటిల్స్, పసిఫిక్ ఫైటర్స్ అని ఒక్కోటి కలుస్తూ వచ్చి, 2006లో అన్నీ కలిపి 1946 పేరుతో విడుదలైంది. ఆ తర్వాత కూడా టీమ్ డైడలాస్ అనే ఔత్సాహికుల బృందం ఏళ్ల తరబడి ప్యాచ్‌లు, అంటే గేమ్‌ని సరిచేసి కొత్త వెర్షన్‌కి మార్చే ఫైళ్లు, ఇస్తూ వచ్చింది. నేను సేల్‌లో కొన్నాను, రెండు ప్లేట్ల బిర్యానీ ఖర్చయింది అంతే.

నాకు మొదటి దెబ్బ తగిలింది స్క్రీన్ దగ్గర. నా పాత ల్యాప్‌టాప్ 1366×768. గేమ్ తెరిస్తే బొమ్మ మధ్యలో చదరంగా, రెండు పక్కలా నల్ల పట్టీలు. గేమ్ ఫోల్డర్‌లో కాన్ఫ్ డాట్ ఐఎన్ఐ అని ఒక ఫైలు ఉంటుంది, స్క్రీన్ సెట్టింగులన్నీ దాంట్లోనే. నోట్‌ప్యాడ్‌లో తెరిచి వెడల్పు, ఎత్తు మార్చి, సేవ్‌యాస్పెక్ట్ అనే చోట 1 తీసి 0 పెడితే సరిపోతుంది. పెట్టాను. గేమ్ తెరిచాను. మళ్లీ అవే నల్ల పట్టీలు! ఫైలు తెరిచి చూస్తే నేను పెట్టిన 0 అలాగే ఉంది. మూడు రోజులు ఇదే గొడవ, రెండుసార్లు మొత్తం తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను.

అసలు సంగతి ఏమిటంటే, నేను గేమ్‌ని ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ చేశాను. విస్టా కాలం నుంచి విండోస్ ఆ ఫోల్డర్‌లో ఊరికే ఎవరినీ రాయనివ్వదు. ఇలాంటి పాత 32 బిట్ ప్రోగ్రామ్ అక్కడ ఏదైనా రాయబోతే ఆపకుండా, దానికి తెలియకుండా వర్చువల్ స్టోర్ అనే వేరే ఫోల్డర్‌లో ఒక నకలు తయారుచేసి పెడుతుంది. అంటే నేను అడ్మినిస్ట్రేటర్‌గా మారుస్తున్నది అసలు ఫైలు, గేమ్ చదువుతున్నది నకలు. ఇద్దరం రెండు వేరే పుస్తకాల్లో లెక్కలు రాసుకుంటున్నాం. డి డ్రైవ్‌లో 'గేమ్స్' అని ఫోల్డర్ చేసుకుని అక్కడ ఇన్‌స్టాల్ చేశాక ఆ సమస్య ఈ రోజు వరకు మళ్లీ రాలేదు. కాబట్టి మొదటి రోజే ప్రోగ్రామ్ ఫైల్స్ కాకుండా వేరే చోట పెట్టండి. ఇంకోటి, గేమ్ మూసేటప్పుడు ఆ ఫైలుని తనే మళ్లీ రాస్తుంది కాబట్టి గేమ్ తెరిచి ఉండగా మార్పులు చేయొద్దు, చేసినా నిలవవు.

స్క్రీన్ మీద బొమ్మ గీయడానికి గేమ్‌లో రెండు పద్ధతులుంటాయి, వాటిలో ఓపెన్ జీఎల్ పెట్టుకోవాలి, డైరెక్ట్ఎక్స్ కాదు. నేలని 'పర్ఫెక్ట్' స్థాయిలో చూపించేది ఓపెన్ జీఎల్‌లోనే. రెండు గ్రాఫిక్స్ చిప్‌లు ఉన్న ల్యాప్‌టాప్ అయితే గేమ్ చిన్నదాన్ని పట్టుకుని కూర్చునే అవకాశం ఉంది. విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగుల్లోకి వెళ్లి ఈ గేమ్‌కి హై పెర్ఫార్మెన్స్ ఎంచుకోవాలి. షిఫ్ట్, ట్యాబ్ కలిపి నొక్కితే కన్సోల్ వస్తుంది, అందులో 'ఎఫ్‌పీఎస్ స్టార్ట్ షో' అని ఇంగ్లీషులో టైప్ చేస్తే సెకనుకు ఎన్ని ఫ్రేములు, అంటే బొమ్మలు, వస్తున్నాయో స్క్రీన్ మీద కనిపిస్తుంది. ఏది మార్చినా ముందొకసారి, తర్వాతొకసారి ఆ అంకె చూడండి.

ఇప్పుడు జాయ్‌స్టిక్ కథ. నా దగ్గర ఉన్నది సెకండ్ హ్యాండ్‌లో కొన్నది, హ్యాండిల్‌ని మెలితిప్పితే చుక్కాని పనిచేసే రకం. నాలుగో ఏడు వచ్చేసరికి ఒక జబ్బు మొదలైంది. శత్రువు వెనక చేరి, గురి కుదిరింది అనుకునే సమయానికి విమానం ముక్కు ఎడమకి ఒక్క కుదుపు కుదిపేది. గుళ్లన్నీ పక్కనుంచి పోయేవి. మొదట ట్రిమ్ (స్టిక్ వదిలినా విమానం తిన్నగా వెళ్లేలా చేసే సర్దుబాటు) సరిగా పెట్టలేదనుకున్నాను, తర్వాత ఈమధ్య వేసిన మోడ్ (గేమ్‌కి అభిమానులు తయారుచేసే అదనపు ఫైళ్లు) వల్ల అనుకున్నాను, ఆ మోడ్ తీసేసినా పోలేదు. రెండు వారాలు ఇలా గడిచాక విండోస్‌లోనే జాయ్‌స్టిక్ పరీక్షించే కిటికీ తెరిచి, చెయ్యి పూర్తిగా తీసేసి కూర్చున్నాను. స్టిక్‌ని ఎవరూ ముట్టుకోలేదు, కానీ మెలిక చూపించే గీత దానంతట అదే ఎగిరిపడుతోంది. తప్పు గేమ్‌లోనూ లేదు, మోడ్‌లోనూ లేదు.

మా మావయ్యది గంటస్తంభం దగ్గర టీవీలు బాగుచేసే షాపు. సాయంత్రం కవర్లో పెట్టుకుని తీసుకెళ్లాను. "ఏటిరా ఇది, గేరు రాడ్డా?" అంటూనే అడుగున ఉన్న స్క్రూలన్నీ ఊడదీశాడు. లోపల ఒక పెద్ద స్ప్రింగు, దాని పక్కన మూడు తీగలతో చిన్న పొటెన్షియోమీటర్. టీవీ, రేడియోల్లో సౌండు తగ్గించి పెంచే బిళ్ల తిప్పుతాం చూడండి, అచ్చంగా అదే. దాని రేకు మూత లేపి టేబుల్ లైటు కింద పెట్టి చూపించాడు. నల్లటి కార్బన్ పూత మధ్యలో, మనం ఎక్కువసేపు స్టిక్ ఉంచే చోట, సన్నగా మెరుస్తున్న గీత. నాలుగేళ్లు అక్కడే రాసుకుని రాసుకుని పూత అరిగిపోయింది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఇచ్చాడు, నాలుగు నెలలు బాగా నడిచింది, మళ్లీ మొదలైంది. ఈసారి అదే విలువ ఉన్న కొత్తది తెచ్చి టంకం వేశాం. దాని కాడ కొంచెం పొడుగు వచ్చింది, హాక్సా బ్లేడుతో కోసి సరిచేశాడు. ఇంటికొచ్చి కాలిబ్రేట్ చేశాక గేమ్ ఇన్‌పుట్ పేజీలో మధ్యలో కొంచెం డెడ్ జోన్ (స్టిక్ కాస్త కదిలినా గేమ్ పట్టించుకోని చోటు) పెట్టి, సెన్సిటివిటీ మొదటి రెండు మూడు మెట్లు తగ్గించాను. ఆ రోజు రాత్రి హరికేన్ అనే బ్రిటిష్ యుద్ధ విమానంతో పడగొట్టిన మొదటి విమానం నాకు ఇప్పటికీ గుర్తుంది. బాగుచేయించడానికి అయిన ఖర్చు టీ, టిఫిన్ డబ్బులు. కొత్తది కొంటే వేలల్లో ఉండేది.

మోడ్‌ల గురించి చెప్పకుండా ఈ గేమ్ గురించి చెప్పినట్టు కాదు. కొత్త విమానాలు, మ్యాపులు, ఇంజిన్ శబ్దాలు, కాక్‌పిట్‌లు, ఇన్నేళ్లుగా దీన్ని బతికించినవి అవే. ఇంజిన్ శబ్దాల మోడ్ ఒక్కటి వేసుకుని హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, మెర్లిన్ ఇంజిన్‌కీ రేడియల్ ఇంజిన్‌కీ తేడా చెవికే తెలిసిపోతుంది. కానీ నాకు గేమ్ ఆగిపోయిన సందర్భాల్లో పదికి తొమ్మిది మోడ్‌ల వల్లే, సరిగ్గా చెప్పాలంటే మోడ్‌లు నేను వేసిన పద్ధతి వల్లే.

ఒక్కో మోడ్ ప్యాక్ గేమ్ ఒక్కో వెర్షన్ మీద తయారవుతుంది. వేరే వెర్షన్ మీద పెడితే లోడింగ్ గీత సగం దాకా వచ్చి, ఏ మాటా చెప్పకుండా గేమ్ మూసుకుపోతుంది. ముందుగా ఏమీ కలపని గేమ్‌ని ఒక ఫోల్డర్‌లో అలాగే ఉంచి, దాన్ని కాపీ చేసి ఆ కాపీలోనే మోడ్‌లు వేయాలి. మోడ్‌లు వేయడానికి, తీయడానికి జేఎస్‌జీఎంఈ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ ఉంది. అది మోడ్ ఫైళ్లు పెట్టేముందు అసలు ఫైళ్లను దాచిపెట్టి, మోడ్ తీసేసినప్పుడు తిరిగి పెడుతుంది. ఇక్కడే జాగ్రత్త. మోడ్‌లు వేసి ఉండగా ప్యాచ్ వేస్తే ఆ ప్రోగ్రామ్ దాచిన పాత ఫైళ్లు, కొత్త ఫైళ్లు కలగాపులగం అయిపోతాయి, ఇక ఏది అసలో ఏది మోడో విడదీయలేం. 2019లో నేను ఆ పని చేసి, రెండేళ్లుగా పేర్చుకున్న ఫోల్డర్ మొత్తం పోగొట్టుకున్నాను. ప్యాచ్‌కి ముందు మోడ్‌లన్నీ తీసేయాలి, వేసిన వరుసకి తిరగబడిన వరుసలో.

గేమ్ ఆగిపోయినప్పుడు కారణం వెతకడానికి కాన్ఫ్ ఫైలులోనే కన్సోల్ అనే భాగంలో లాగ్ దగ్గర 1 పెట్టుకుంటే, లాగ్ డాట్ ఎల్ఎస్‌టీ అనే ఫైలులో గేమ్ తను చేస్తున్నదంతా రాస్తుంది. చివరి వరుసల్లో ఏ ఫైలు దొరకలేదో చాలాసార్లు ఉంటుంది. అప్పటికీ తెలియకపోతే సగం మోడ్‌లు ఆపేసి చూడండి. నడిస్తే తప్పు ఆపేసిన సగంలో ఉంది, నడవకపోతే మిగిలిన సగంలో. దాన్ని మళ్లీ సగం చేయండి. ముప్పై రెండు మోడ్‌లున్నా అయిదుసార్లలో దొంగ దొరుకుతాడు, తప్పు ఒక్క మోడ్‌లోనే ఉంటే. ఒక్కొక్కటి తీసి చూస్తూ నేను ఒక సంక్రాంతి సెలవులన్నీ పోగొట్టుకున్నాక ఈ పద్ధతి నేర్చుకున్నాను.

కరెంటు సంగతి కూడా చెప్పాలి, మన వైపు అది లేకుండా కుదరదు. వేసవిలో గాలివాన వస్తే చాలు పోతుంది. గేమ్ ఆ కాన్ఫ్ ఫైలు రాస్తున్న క్షణంలో కరెంటు పోతే ఫైలు ఖాళీ అయిపోవచ్చు. నాకు రెండుసార్లు అలా అయింది, నేను పెట్టుకున్న సెట్టింగులన్నీ మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు యూపీఎస్ ఉంది, పైగా యూజర్స్ ఫోల్డర్, కాన్ఫ్ ఫైలు, మిషన్లు నెలకోసారి పెన్ డ్రైవ్‌లోకి వెళ్తాయి.

ఇంత ఎందుకు పడాలి అంటే, ఎగిరాక తెలుస్తుంది. హరికేన్‌లో వెళ్తూ శత్రువు డైవ్ కొట్టాడు కదా అని మీరూ ముక్కు ఒక్కసారిగా కిందికి తోశారనుకోండి, ఇంజిన్ దగ్గుతుంది, ఒక్క క్షణం ఆగిపోయినంత పని చేస్తుంది. ఎందుకంటే హరికేన్‌లో ఉండే మెర్లిన్ ఇంజిన్‌ది ఆ రోజుల్లో కార్బురేటర్, అలా తోసినప్పుడు ఇంధనం పైకి లేచిపోతుంది. శత్రువు నడిపే జర్మన్ మెసర్‌స్మిట్ 109లో ఇంధనం నేరుగా సిలిండర్లలోకి వెళ్తుంది కాబట్టి వాడికి ఆ బాధ లేదు, వాడు హాయిగా జారుకుంటాడు. మీరు ముందు విమానాన్ని బోర్లా తిప్పి అప్పుడు స్టిక్ లాగాలి. ఇది నాకు పుస్తకం చదివితే తెలియలేదు, ఇరవైసార్లు వాడు తప్పించుకుపోయాక తెలిసింది. రేడియేటర్ మూసి ఫుల్ థ్రాటిల్‌తో వెళ్తే ఇంజిన్ వేడెక్కిందని స్క్రీన్ మీద రాస్తుంది, అయినా వినకపోతే ఇంజిన్ కాలిపోతుంది. విమానం ఒక యంత్రమని మర్చిపోనివ్వదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది మిషన్ బిల్డర్, అంటే మన యుద్ధ సన్నివేశాలు మనమే తయారుచేసుకునే భాగం. మా నాన్నమ్మ గజపతినగరం దగ్గర పల్లెలో పుట్టింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేసినప్పుడు ఆమెకు పదేళ్లు. "పట్నం నుంచి బళ్లు కట్టుకుని జనాలొచ్చేసినారు, మన అరుగు మీద రెండు కుటుంబాలు పడుకున్నాయి, వాళ్ల పాప ఒకర్తి విమానం చప్పుడంటే మంచం కిందకి దూరిపోయేది" అని చెప్పేది. ఆ విమానాలు ర్యూజో అనే విమాన వాహక నౌక నుంచి వచ్చాయి, అదే రోజు కాకినాడ మీదా బాంబులు వేశాయి. అది చదివిన రోజే ఆ మిషన్ తయారుచేయాలనిపించింది. వైజాగ్ మ్యాపు నాకు దొరకలేదు, కొండ పక్కన రేవు ఉన్న తీరం ఒకటి వెతికి దాన్నే వైజాగ్ అనుకున్నాను. ర్యూజో బదులు అకాగి అనే మరో జపాన్ వాహక నౌక, ఆ రోజు వచ్చిన బాంబర్ల బదులు వాల్ అనే వేరే రకం బాంబర్లు పెట్టాను. మూడు నెలల ఆదివారాలు పట్టింది.

ఆ మిషన్ ఒకరోజు అసలు తెరుచుకోలేదు. మోడ్ ఉన్న కాపీలో తయారుచేసి, మోడ్ లేని కాపీలో తెరవబోయాను. మిషన్ ఫైలు మామూలు టెక్స్ట్ ఫైలే, నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే కదలని వస్తువులన్నీ వరుసగా ఉంటాయి. లాగ్ చూపించిన పేరు పట్టుకుని వెతికితే మోడ్‌లో వచ్చిన ఒక సరుకుల ఓడ. ఆ ఒక్క వరుస తీసేసి సేవ్ చేశాను, తెరుచుకుంది. రేవులో ఓడలు ఎక్కువ పెడితే ఫ్రేములు పడిపోతున్నాయి కాబట్టి వాటినీ సగానికి తగ్గించాను. ఆ మిషన్‌లో నేను బాంబర్ నడపను. నేల మీద నుంచి చూసే కెమెరా పెట్టుకుని, అవి సముద్రం వైపు నుంచి వచ్చే చప్పుడు వింటాను. నాన్నమ్మకు చూపిద్దామనుకున్నాను కానీ అప్పటికే ఆమె లేదు.

నచ్చనివీ ఉన్నాయి. బాంబర్ల వెనక గన్నర్లు నమ్మలేనంత గురిగా కొడతారు, సరిగ్గా వెనక నుంచి వెళ్తే మొదటి వరసలోనే మన ఇంజిన్ పోతుంది, పై నుంచో పక్క నుంచో వెళ్లాలి. చెట్లు, ఊళ్లు దగ్గరగా చూస్తే వయసు తెలిసిపోతుంది. మెనూలు పాతకాలపువి, ఏ మీట ఎక్కడుందో నేర్చుకోవడానికే వారం పడుతుంది. తల తిప్పితే కాక్‌పిట్‌లో చూపు తిరిగేలా ఓపెన్‌ట్రాక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌ని వెబ్‌క్యామ్‌తో వాడుతున్నాను, బాగానే పనిచేస్తుంది కానీ గదిలో వెలుతురు తక్కువైతే చూపు వణుకుతుంది, ట్యూబ్‌లైట్ ముందువైపు ఉండాలి.

పీసీ పెద్దది అక్కర్లేదు. పదేళ్ల కిందటి ఐ3, 4 జీబీ ర్యామ్, మామూలు గ్రాఫిక్స్ కార్డుతో నేను అయిదేళ్లు నడిపాను. మోడ్‌లు ఎక్కువ వేసుకుంటే డిస్క్‌లో చోటు మాత్రం బాగా కావాలి, ఎస్ఎస్‌డీ ఉంటే లోడింగ్ తొందరగా అవుతుంది. జాయ్‌స్టిక్ లేకుండా కీబోర్డుతో ఆడదామనుకుంటే కొనకండి, మొదటి ల్యాండింగ్‌కే వదిలేస్తారు. సెకండ్ హ్యాండ్ జాయ్‌స్టిక్ కొంటే మాత్రం డబ్బులిచ్చే ముందు అమ్మేవాళ్ల పీసీలోనే ఆ పరీక్ష కిటికీ తెరిపించి, చెయ్యి తీసేసి ఒక్క నిమిషం ఆ గీతల వైపు చూడండి.