మిషన్ ముందు, డయల్ తర్వాత: నల్లగొండలో చేయించుకున్న ఆటోమేటిక్ వాచీ

నల్లగొండ క్లాక్‌టవర్ సెంటర్ దగ్గర పాత గడియారాలు బాగుచేసే ఒక చిన్న దుకాణంలో, మనకు నచ్చిన కేసు (వాచీ బయటి తొడుగు), డయల్, ముళ్లు, మిషన్ (లోపల ముళ్లను నడిపే యంత్రం) తెప్పించి వాటితో వాచీ కట్టి ఇస్తున్నారు. పాత డైవింగ్ వాచీల తీరులో నల్ల డయలు, అద్దం చుట్టూ తిరిగే బెజెలు అనే వలయం ఉన్నది ఒకటి నేను అక్కడ చేయించుకున్నాను. బిగింపు పని ఎలా ఉందో చెప్పేముందు విడిభాగాల ఎంపిక సంగతి చెప్పాలి, ఈ దుకాణం అసలు బలం అక్కడే ఉంది కనుక.

వచ్చినవారిలో ఎక్కువమంది ఫోనులో ఏదో ఒక డయల్ ఫొటో చూపిస్తారు. దుకాణదారు మాత్రం "ముందుగాల మిషన్ ఏదో అనుకోండ్రి సార్, డయల్ సంగతి తర్వాత చూద్దాం" అంటారు. డయల్‌ను మిషన్‌కు బిగించే వెనుక కాళ్ల స్థానం, ముళ్ల రంధ్రాల కొలత, కేసు మందం, చాబీ ఎత్తు, ఇవన్నీ మిషన్‌ను బట్టే ఉంటాయి కాబట్టి ఆయన పట్టుదల సబబే.

నేను తీసుకున్నది సీకో వారి ఎన్‌హెచ్35 అనే ఆటోమేటిక్ మిషన్, అంటే చేతి కదలికకే చాబీ ఎక్కేది. 24 జ్యువెల్స్ (రాపిడి తగ్గించే రాళ్లు), గంటకు 21,600 బీట్లు (టిక్కులు), పూర్తిగా చాబీ ఇస్తే సుమారు 41 గంటల నడక. చాబీ బయటికి లాగితే సెకన్ల ముల్లు ఆగుతుంది. రోజుకు 20 సెకన్ల వెనుకబాటు నుంచి 40 సెకన్ల ముందు వరకు తేడా రావచ్చని తయారీదారే చెబుతాడు. ఇంతకంటే నాజూకైనది కావాలంటే మియోటా కంపెనీ 9015 మిషన్ ఉంది. దాని మందం 3.9 మిల్లీమీటర్లే, ఎన్‌హెచ్35ది 5.32. గంటకు 28,800 బీట్లు కొడుతుంది కనుక సెకన్ల ముల్లు మరింత నునుపుగా సాగుతుంది, కానీ దాని రోటరు (చేయి కదిలినప్పుడు లోపల తిరిగే బరువు) ఒకవైపే చాబీ ఎక్కిస్తూ రెండోవైపు ఊరికే తిరుగుతుంది. చెవి దగ్గర పెడితే ఆ గరగర వినిపిస్తుంది, నాకు నచ్చలేదు. స్విస్ ఈటీఏ 2824, దాని బాటలోనే వచ్చిన సెలిటా ఎస్‌డబ్ల్యూ200 మంచి మిషన్లే అయినా, ఇలాంటి సరదా వాచీకి అంత ఖర్చు దండగ.

ముళ్ల దగ్గరే చాలామంది దెబ్బతింటారు. ఎన్‌హెచ్35కు గంటల ముల్లు రంధ్రం 1.50, నిమిషాలది 0.90, సెకన్లది 0.20 మిల్లీమీటర్లు. 2824కు మొదటి రెండూ ఇవే కొలతలు, సెకన్లది మాత్రం 0.25. నాకంటే ముందు వచ్చిన ఒక కుర్రవాడు ఈటీఏ ముళ్లు తెచ్చుకున్నాడు. సెకన్ల ముల్లు ఇరుసు మీద వదులై తిరుగుతుంటే దుకాణదారు భూతద్దం పెట్టి చూపించి వెనక్కి పంపారు. తేదీ గడి లేని డయల్ కోరేవారికి తేదీ చక్రం లేని ఎన్‌హెచ్38 మిషన్ ఇస్తారు, లేకపోతే చాబీ లాగినప్పుడు పనికిరాని తేదీ మెట్టు ఒకటి తగులుతూనే ఉంటుంది.

అద్దం విషయంలో, గీతలు త్వరగా పడని సఫైర్‌కే ఓటు వేస్తాను. మన దుమ్ములో ఉండే ఇసుకరేణువుల గట్టిదనం మోస్ కొలమానంలో 7, మినరల్ గాజుది అంతకు తక్కువ, సఫైర్‌ది 9.

రోలెక్స్ పేరున్న డయల్ వేసి ఇమ్మని "ఫస్ట్ కాపీ" (అసలులా కనిపించే నకలు) అడిగేవారు ఇక్కడికీ వస్తారు. దుకాణదారు ఒప్పుకోరు. ఇతరుల ట్రేడ్ మార్కు అనుమతి లేకుండా వేయడం 1999 నాటి చట్టం ప్రకారం నేరమని నెమ్మదిగా చెప్పి, పేరు లేని డయళ్లు చూపిస్తారు. నా డయల్ మీద ఏ పేరూ లేదు, అదే బాగుంది.

ఇక పనితనం. తేదీ మారే క్షణం దాకా చాబీ తిప్పి, అక్కడ మూడు ముళ్లనూ 12 మీద కూర్చోబెట్టారు; అర్ధరాత్రి తేదీ సరిగ్గా మారుతోంది. వాచీ రోజుకు పన్నెండు సెకన్ల దాకా ముందుకు పోతోంది, ఈ ధరకు అది మంచి లెక్కే. లోపాలూ ఉన్నాయి. మొదట ఇచ్చినప్పుడు అద్దం కింద 4 అంకె పక్కన సన్నని పోగు కనిపించింది, అడిగితే వెంటనే విప్పి తుడిచారు. బెజెల్ మీది త్రికోణం 12కు ఓ వెంట్రుకవాసి పక్కకుంది. నీటి ఒత్తిడి పరీక్షించే యంత్రం వారి దగ్గర లేదు, కనుక కేసు వెనుక 200 మీటర్లని చెక్కి ఉన్నా ఈ వాచీతో సాగర్ నీళ్లలో దిగను. బిల్లులో విడిభాగాల ధర, కూలి వేరుగా రాయలేదు, గ్యారంటీ కూడా నోటిమాటే. కట్టించుకునేవారు ఈ రెండూ కాగితం మీద రాయించుకున్నాకే అడ్వాన్సు ఇవ్వడం మంచిది.