వానలో మిస్సింగ్ కొట్టే బండికి బ్లూటూత్ స్కానర్: కొన్ని వానాకాలాలు వాడాక

స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్లో గుచ్చి, బండి కంప్యూటర్ పట్టిన లోపాల్ని ఫోన్లో చూసుకునే ఈఎల్‌ఎం 327 రకం స్కానర్ ఇది. వెయ్యి రూపాయల లోపే వచ్చింది. మా బండి 2014 మోడల్ పెట్రోలు, నాలుగు సిలిండర్లు, స్పార్కు కొట్టే ఒక్కో ప్లగ్గు మీద, దానికి ఎక్కువ వోల్టేజి ఇచ్చే ఒక్కో కాయిల్. ఉండేది విశాఖలో. ఎండాకాలమంతా దానికి ఏ రోగమూ ఉండదు. జోరువానలో, అదీ అరకు దారిలో అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు, పికప్ పడిపోయి కుదుపులు మొదలయ్యేవి. ఏదో ఒక సిలిండర్లో పెట్రోలు మండకపోవడమే ఇది, మిస్సింగ్ అంటే అదే. చెక్ ఇంజిన్ లైటు ఆరుతూ వెలుగుతూ ఉండేది.

ఈ జబ్బుతో అసలు చిక్కేమిటంటే, షెడ్డుకు చేరేసరికి ఇంజిన్ వేడికి తడి ఆరిపోతుంది. "ఇప్పుడు బాగానే ఉంది కదండీ, నన్నేం చూడమంటారు?" అంటాడు మెకానిక్. పాపం, ఆయన తప్పేం లేదు. స్కానర్‌కు నేను మార్కులు వేసేది ఇక్కడే. లోపానికి గుర్తుగా కోడ్ పడ్డ క్షణంలో ఇంజిన్ వేడి, స్పీడు, లోడు ఎంతో బండి కంప్యూటర్ దాచుకుంటుంది. ఫ్రీజ్ ఫ్రేమ్ అంటే అదే, దాన్ని తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు. మాకు వచ్చింది పి0302, అంటే రెండో సిలిండర్లో మిస్సింగ్. లోడు బాగా ఉన్నప్పుడే పడింది. లోడు మీద సిలిండర్లో ఒత్తిడి పెరిగి, స్పార్కు దూకడానికి ఎక్కువ వోల్టేజి కావాలి. పక్కన తడి దారి దొరికిందా, కరెంటు అటే పోతుంది. ఊళ్లో బుద్ధిగా ఉండి ఘాట్లో ఏడిపించడానికి కారణం అదే.

సిలిండర్ నంబరు చెప్పాక స్కానర్ పని అయిపోయినట్టే. తప్పు కాయిల్‌దా, ప్లగ్గుదా, ఆ రెంటినీ కలిపే రబ్బరు బూటుదా అన్నది మనమే తేల్చుకోవాలి. ఇంజిన్ ఆపి రెండో కాయిల్ పీకితే ప్లగ్గు గుంటలో నీళ్లు! వైపర్ల కింద నీళ్లు పోయే సందులో వేపాకులు కూరుకుపోయి, వాననీరు పొంగి ఇంజిన్ మీద పడుతోంది. ప్లగ్గు తెల్ల పింగాణీ మీద పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్లగీత. కరెంటు పారిన దారి అది. బూటు లోపల, సరిగ్గా ఆ గీతకు ఎదురుగా, అలాంటిదే ఇంకొకటి.

గుంట ఆరబెట్టి, ఆ కాయిల్‌ను బూటుతో సహా మూడో సిలిండర్‌కు మార్చి, చీకటి పడ్డాక ఇంజిన్ నడుస్తుండగా స్ప్రే బాటిల్‌తో తుంపర కొట్టాను. బూటు అంచున నీలం మెరుపు, ఫోన్లో పి0303. కాయిల్‌తో పాటే తప్పూ కదిలిందన్నమాట. కాయిల్, బూటు దగ్గర వేల వోల్టులుంటాయి, కాబట్టి చేయి దూరంగా పెట్టుకుని తుంపరే కొట్టాలి, నీళ్లు కుమ్మరించకూడదు. బూటు, ప్లగ్గు రెండూ మార్పించాను. ఒకటే మారిస్తే పాతదాని మీది గీత కొత్తదాన్నీ పాడుచేస్తుంది. ఆకులు తీయించాక మళ్లీ ఆ కుదుపు లేదు.

కంప్యూటర్ పెట్రోలు ఎంత పెంచుతోందో, తగ్గిస్తోందో చూపే ఫ్యూయల్ ట్రిమ్ అంకెల్ని మాత్రం గుడ్డిగా నమ్మకండి. మండని సిలిండర్ నుంచి ఆక్సిజన్ అలాగే బయటికొచ్చి పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సర్‌ను తికమక పెడుతుంది. పెట్రోలు తక్కువైందనుకుని కంప్యూటర్ ఇంకా పోస్తుంది. ఆ ప్లస్ అంకె చూసి ఇంజెక్టర్లు కడిగిస్తే డబ్బు దండగ.

లోపాలూ ఉన్నాయి. బ్లూటూత్ తరచూ తెగిపోతుంది, చాలాసార్లు పీకి గుచ్చితేనే దారికొస్తుంది. రోజుల తరబడి సాకెట్లోనే వదిలేస్తే బ్యాటరీ తాగేస్తుంది. దాన్ని చూస్తూ నడపడం అసలే వద్దు. లైటు ఆరుతూ వెలుగుతోందంటే మండని పెట్రోలు, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తోందని అర్థం. అప్పుడు కోడ్ సంగతి తర్వాత, ముందు యాక్సిలరేటర్ వదిలి బండి పక్కకు తీయాలి.

ఒకే కాయిల్ కరెంటును అన్ని ప్లగ్గులకూ పంచే డిస్ట్రిబ్యూటర్ ఉన్న పాత బళ్లవాళ్లు దీన్ని కొనేముందు చూసుకోవాలి, వాటిలో చాలావాటికి ఈ సాకెట్టే ఉండదు. క్యాప్‌లో పగులు, ప్లగ్గు వైర్లు చూడ్డానికి చీకటీ స్ప్రే బాటిలూ చాలు.