హవాయిలో ఏ దీవి: కవాయా, బిగ్ ఐలాండా?

పిల్లలు అమెరికాలో ఉన్న కోనసీమ పెద్దలకు హవాయి వెళ్లే వీలు దొరికితే, దీవులన్నీ చుట్టేయాలనుకోవద్దు. దీవి మారాలంటే దాదాపు ప్రతిసారీ విమానమే. సెలవంతా ఎయిర్‌పోర్టుల్లో గడిచిపోతుంది. ఒక్కటే ఎంచుకోవాలి.

కవాయి పెద్ద దీవుల్లోకెల్లా పాతది, వయసు సుమారు 50 లక్షల ఏళ్లు. అగ్నిపర్వతం ఎప్పుడో చల్లారి, వానలకు కోసుకుపోయి లోయలైంది. వైమియా లోయ అద్భుతం. నాపాలి తీరం వెంట రోడ్డు లేదు, పడవలోనో హెలికాప్టర్‌లోనో చూడాలి. కానీ హనలేయ్ దగ్గర నీళ్లు పెట్టిన చేమ మళ్లు, గట్లు, తూర్పు తీరాన కొబ్బరిచెట్లు చూస్తే మనవాళ్లకు అంబాజీపేట దాటినట్టే అనిపించదు.

బిగ్ ఐలాండ్ పూర్తిగా వేరు. ఎంత తవ్వినా గోదావరి ఒండ్రే తగిలే చోట పెరిగినవాళ్లకు, మైళ్లకొద్దీ నల్లరాయి నేల చూడటమే ఒక వింత. గడ్డకట్టిన లావా కొన్నిచోట్ల పీచుతాడు పేనినట్టు మెలికలు తిరిగి ఉంటుంది. పునలూ బీచ్‌లో ఇసుక కూడా నలుపే. వేడి లావా సముద్రంలో పడి ముక్కలైతే వచ్చిన ఇసుక అది. కిలవేయా అగ్నిపర్వతం అంచున ఎర్రని లావా రోజూ కనిపించదు, ఆ ఆశ పెట్టి తీసుకెళ్లకండి. అక్కడ ఎత్తు దాదాపు 1,200 మీటర్లు, సాయంత్రం స్వెటర్ కావాల్సిందే. ఆస్తమా ఉంటే అగ్నిపర్వతం పొగతో జాగ్రత్త. గుండెజబ్బు ఉన్నవాళ్లను 4,207 మీటర్ల మౌనాకియా శిఖరానికి తీసుకెళ్లొద్దు.

అమ్మానాన్నలతో అయితే నా ఓటు బిగ్ ఐలాండ్‌కే. కొండదారుల్లో నడిచే ఓపికున్న కుర్రజంటకు కవాయి.